వడగండ్లకు ముందు

(టీకాలు వేయించుకొనుటను గూర్చియు, మన పశువులకు వేయించుటను గూర్చియు ఒక పాఠము)

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 9:13-26, ద్వితీయోపదేశకాండము 22:8, 2 రాజులు 20:1-7, రోమా 14:1-13.



ఈ నెల పాఠము పేరు చూచి, టీకాలకును వాక్యమునకును ఏమి పొత్తు అని కొందరు అడుగవచ్చును. దీనిని నేను వెదకుకొని వ్రాయలేదు. క్రిందటి నెల పాలకాయతిప్పలో గృహకూటము ముగిసి, అందరును లేచు సమయమున మా ప్రక్కయింటి సహోదరి ఒక ప్రశ్న వేసెను. ఆమె విధవరాలు, ఒక గేదె, కూతురు, కూతురి చంటిబిడ్డ, ఇదే ఆమె సంసారము. "గేదెకు సూది వేయించమంటున్నారు, చంటిదానికి వేయించమంటున్నారు, నన్నూ వేయించుకోమంటున్నారు. ఇన్ని సూదులు పొడిపించుకుంటే దేవుడి మీద నమ్మకం లేనట్టు కాదా అన్నయ్యా?" అని ఆమె నన్నడిగెను. ఒకరు నవ్విరి. మరియొకరు, అది గవర్నమెంటు సంగతి, కూటములో ఎందుకనిరి. నేను జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటకు ఆ గదిలో అందరికంటె నాకే ముఖము చెల్లదు. కారణము కొంత దిగువను వ్రాసెదను.

నిర్గమకాండము 9వ అధ్యాయములోని వడగండ్ల తెగులును మనమందరము చిన్నతనమునుండి వినియున్నాము. అయితే 19 మొదలు 21 వరకు గల వచనములను మనము త్వరగా దాటిపోవుదుము. వడగండ్లు మరునాడు పడునని మోషే ముందుదినమే తెలియజేసెను. తెలియజేసి ఊరకుండక, పొలములోనున్న మనుష్యులను పశువులను లోపలికి రప్పించుకొనుడని హెచ్చరించెను. ఈ హెచ్చరిక ఇశ్రాయేలీయులకు కాదు, ఫరో కొలువులోని ఐగుప్తీయులకు. వారిలో కొందరు ఆ మాటను లక్ష్యపెట్టి తమ పనివారిని, తమ గొడ్లను ఇండ్లలోనికి తోలించుకొనిరి. కొందరు లక్ష్యపెట్టక పొలములోనే విడిచిరి. తరువాత ఏమి జరిగెనో మీరే చదువుకొనుడి.

గొడ్లను లోపలికి తోలినవాడు దేవుని చేతిని అడ్డగించుటకు తోలలేదు. చెప్పబడిన మాటను నమ్మెను గనుకనే తోలెను. విడిచినవాడు ఆ సాయంకాలమున ఇరుగుపొరుగువారికి గొప్ప ధైర్యశాలిగా కనబడియుండవచ్చును. అయితే అతని ధైర్యమునకు వెల చెల్లించినది అతడు కాదు. అతని పనివాడును, అతని యెద్దును.

ముందుగా అందు కబురు విలువ యెంతటిదో దివిసీమవారికి ఒకరు నేర్పనక్కరలేదు. 1977 నవంబరు 19వ తేదీని ఉప్పెన మన తీరమును త్రొక్కినప్పుడు మృతుల సంఖ్యను ప్రభుత్వమువారు సుమారు 10,000 అని వ్రాసిరి. అంతకంటె ఎక్కువయని చెప్పువారు అనేకులు. గొడ్ల లెక్క లక్షలలో చెప్పుదురు. నీరు తీసిన తరువాత కళేబరములను కాల్చుచు, త్రాగునీటికై వెదకుచు, అంటురోగము ఎప్పుడు లేచునోయని బ్రదికినవారు భయపడిన దినములవి. ఆ పిమ్మటనే మన తీరము పొడుగున తుపాను ఆశ్రయములు లేచినవి. నేడు తుపాను కబురు విని ఆశ్రయమునకు నడుచుచున్నవానిని చూచి, వీనికి దేవునియందు నమ్మిక లేదని మనలో ఎవడును అనడు. సూది విషయములో మాత్రము ఎందుకందుము?

ఇక నా సంగతి. కొన్ని యేండ్ల క్రిందట పశువుల ఆసుపత్రివారు గాలికుంటు టీకాలు వేయుటకు మా పేటకు వచ్చిరి. నాకు అప్పుడు నాలుగు గేదెలు, అందులో మూడు పాడిలో నున్నవి. సూది వేసినచో రెండు మూడు దినములు పాలు తగ్గునని నాకు తెలియును. అది అబద్ధము కాదు. కొన్ని గొడ్లకు సూది వేసినచోట వాపు వచ్చును, ఒక దినము జ్వరము తగులును, కొలది దినములు పాలు తగ్గును. పాలకేంద్రములో నా లెక్క ఆ వారము బాగుగా నడచుచున్నది. వచ్చిన పిల్లవానితో నేను, "మా గొడ్లను దేవుడే కాపాడతాడులే, నువ్వు వెళ్ళు" అంటిని. ఆ మాట అన్నప్పుడు అది విశ్వాసపు మాటయని నాకే అనిపించెను. నిజమునకు అది మూడు దినముల పాలు.

మూడు వారములు తిరుగకమునుపే నా పెద్దగేదె మేత మానెను. నోట చొంగ, నాలుకమీద పుండ్లు, గిట్టల నడుమ పుండ్లు. తక్కిన మూడింటికిని వరుసగా తగిలెను. అవి చావలేదు, పెద్దగొడ్లు ఈ రోగముతో చచ్చుట తక్కువ. అయితే చిన్నదూడలకు ఈ రోగము గుండెకు తగులును. ప్రక్కయింటి సహోదరి తన గేదెకు టీకా వేయించెను గనుక దానికి ఏమియు రాలేదు. దాని దూడకు మూడు నెలలు. నాలుగు నెలలు నిండని దూడకు గాలికుంటు టీకా వేయరు గనుక దానికి వేయలేదు. ఒక ఉదయమున పాలు త్రాగుచు త్రాగుచు అది పడిపోయెను. పెయ్యదూడ. మరి మూడేండ్లకు అదియే ఆమెకు రెండవ పాడి కావలసినది. రోగము నా గేదెనుండియే వచ్చెనని రుజువు చేయగలవాడెవడును లేడు. గాలికుంటు గాలిలో వచ్చును, గడ్డితో వచ్చును, మనుష్యుల కాళ్లతో బట్టలతో వచ్చును. అయినను మా రెండిండ్ల గొడ్లు ఒకే కుడితితొట్టి దగ్గర నీళ్లు త్రాగును. నేను వెళ్లి నిలువబడగా ఆమె, "పోన్లే అన్నయ్యా, నీ గొడ్లన్నా బతికినయ్యి గదా" అనెను. ఇప్పుడు ఆమెయే నన్ను, టీకా వేయించుకొనుట అవిశ్వాసమా అని అడిగినది.

పిట్టగోడ ఎవరికొరకు?

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో క్రొత్తయిల్లు కట్టువానికి ఒక ఆజ్ఞ కలదు. మిద్దెకు చుట్టును పిట్టగోడ కట్టవలెను; కట్టనియెడల ఎవడైనను పైనుండి పడినప్పుడు ఆ రక్తాపరాధము ఆ యింటిమీదికి వచ్చును. యజమానునికి తన మిద్దె అంచు ఎక్కడ నున్నదో తెలియును, అతడు పడడు. పడువాడు చుట్టముగా వచ్చినవాడు, చీకటిలో ఎక్కినవాడు, పరుగెత్తు చిన్నవాడు. ఆ గోడ వారికొరకు.

టీకాలలో అనేకములు ఇట్టి పిట్టగోడలు. అయితే అన్నియు కావు. ఈ భేదమును తెలిసికొనకుండ మాటలాడుటవలననే వాదములు పెరుగుచున్నవని నా యభిప్రాయము. ధనుర్వాతమును చూడుడి. దాని క్రిమి మట్టిలోను పేడలోను నుండును. ఒకరినుండి ఒకరికి అంటదు. పొరుగువారందరును టీకా వేయించుకొనినను, మేకు గుచ్చుకొనిన దినమున నీ పొరుగువాని టీకా నిన్ను కాపాడదు. వల లాగువారు, పొలములో చెప్పులు లేక తిరుగువారు, మనమందరము ఎవరిది వారు వేయించుకొనవలసినదే. దానిని మానినవాడు ముఖ్యముగా తనకే హాని చేసికొనును. ఒక్క విషయములో తప్ప: గర్భిణీస్త్రీకి వేసిన టీకా పుట్టబోవు బిడ్డను కాపాడును. ఒకప్పుడు మన పల్లెలలో పురిటిబిడ్డలు బొడ్డు కోసిన యేడెనిమిది దినములకు పాలు పట్టలేక, ఒడలు విల్లువలె వంగి చనిపోయెడివారు, అది ధనుర్వాతమే. తల్లులకు టీకాలు, శుభ్రమైన కాన్పులు వచ్చిన తరువాత, 2015లో మన దేశమునుండి ఆ పురిటి ధనుర్వాతము తొలగినట్లు ప్రకటించిరి.

తట్టు అట్టిది కాదు. తట్టు పోసిన ఒక బిడ్డ, టీకాలు లేనివారి నడుమనుండినచో పండ్రెండుగురు మొదలు పదునెనిమిదిమందికి అంటించునని వైద్యులు లెక్కకట్టిరి. మన దేశములో దాని మొదటి టీకా తొమ్మిది నెలలు నిండిన తరువాతనే వేయుదురు. అయితే ఎనిమిది నెలల బిడ్డ సంగతి యేమి? ఆ బిడ్డకు పిట్టగోడ పొరుగింటి పిల్లల టీకాయే. నా ప్రక్కయింటి దూడకు నా గేదెల టీకా యెట్లు పిట్టగోడ కావలసియుండెనో అట్లే. గాలికుంటు, తట్టు, కోరింతదగ్గు, పోలియో, ఇవన్నియు పొరుగువానికి కంచె దాటిపోవు రోగములు. వీటి విషయములో "నా యొడలు, నా యిష్టము, నా గొడ్డు, నా యిష్టము" అనుమాట చాలదు.

కుక్క సంగతి మరియొక విధము. నిర్గమకాండము 21:29లో పొడుచు యెద్దును గూర్చి యున్నది. అది పొడుచునని యజమానునికి ముందుగా తెలుపబడియు అతడు దానిని భద్రము చేయనియెడల, మనుష్యుడు చచ్చినప్పుడు అతడును దోషియే. రేబిస్ అను పిచ్చికుక్క రోగము ఒకసారి బయటపడిన తరువాత బ్రదికినవారు బహు అరుదు. కుక్కపిల్లకు మూడు నెలలప్పుడును, ఆ తరువాత వైద్యుడు చెప్పిన గడువున బూస్టరును, ఏటేటను టీకా వేయించినయెడల, వీధిలో ఆడుకొను పిల్లలను కాపాడినట్లగును. వాకిట అన్నము పెట్టుచున్నాము గాని అది మా కుక్క కాదు అనుమాట మన పేటలలో తరచుగా వినుచున్నాను. అన్నము పెట్టు చేయియే దానిని పట్టుకొనగలదు. వీధికుక్కను పట్టుట టీకా వేయువానికి సులభము కాదు.

నమ్మికయును అంజూరపు ముద్దయును

సహోదరి ప్రశ్నకు వత్తము. 2 రాజులు 20లో హిజ్కియా మరణకరమైన రోగమున పడెను. ప్రార్థించెను, కన్నీళ్లు విడిచెను. అతనికి పదునైదు సంవత్సరముల ఆయుష్షు ఇచ్చెదనని దేవుడు యెషయాద్వారా వాగ్దానము చేసెను. వాగ్దానము వచ్చినది గనుక ఇక వైద్యమెందుకని యెషయా అనలేదు. అంజూరపుపండ్ల ముద్ద తెప్పించి కురుపుమీద వేయించెను. వాగ్దానము ముందు, ముద్ద తరువాత. రెండింటికిని విరోధము ఆ ప్రవక్తకు కనబడలేదు. దేవాలయ శిఖరముమీద సాతాను ప్రభువునెదుట పెట్టినదియు ఈ ప్రశ్నయే గదా. మెట్లుండగా దుముకుట విశ్వాసము కాదని ఆయన ఎరిగియుండెను.

ఈ తగవు మనతో పుట్టినది కాదు. 1721లో అమెరికాలోని బోస్టను పట్టణమున మశూచికము రేగినప్పుడు కాటన్ మేథరు అను బోధకుడు ఒక ఉపాయమును ప్రకటించెను. మశూచికపు పుండ్లలోని రసి కొంచెము తీసి, ఆరోగ్యముగా నున్నవాని చర్మములోనికి గీరి ఎక్కించినయెడల తేలికగా రోగము వచ్చి పోవును, మరల రాదు. దీనిని అతడు ఒనేసిమస్ అను తన ఆఫ్రికా బానిసవలన నేర్చుకొనెను. ఊరిలో పెద్ద అలజడి పుట్టెను. మేథరు ఇంటిలోనికి బాంబు విసరిరి. మరుసటి యేట లండనులో ఎడ్మండ్ మాసీ అను మరియొక బోధకుడు ఆ పద్ధతి దేవుని చిత్తమును అడ్డగించునదని ప్రసంగించెను. ఇద్దరును దేవుని సేవకులే, ఇద్దరి చేతిలోను ఒకే గ్రంథము. 1758లో ప్రసిద్ధ వేదాంతి జోనతాను ఎడ్వర్డ్సు తానే ఆ రసి ఎక్కించుకొని, దానివలననే చనిపోయెను. ఇది దాచదగిన సంగతి కాదు. ఆ పద్ధతిలో ప్రమాదముండెను. అయితే రోగము దానంతట అది వచ్చినప్పటి ప్రమాదము అంతకంటె ఎన్నో రెట్లు. తరువాత 1796లో ఎడ్వర్డు జెన్నరు ఆవుల మశూచి రసితో అంతకంటె మిగుల క్షేమమైన టీకాను చూపెను. ఆరు సంవత్సరములలో, అనగా 1802 జూనులో, బొంబాయిలో ఒక చిన్నపిల్లకు మన దేశపు మొదటి టీకా పడెను.

మన పల్లెలలో ఆ రోగమును అమ్మవారని పిలిచి, మందు వేసిన అమ్మవారికి కోపము వచ్చునని మానినవారుండిరి. వారిని చూచి నవ్వుటకు మనకు హక్కు లేదు. నేను టీకా పిల్లవానితో అన్నమాట ఆ మాటకు ఎంత దూరము?

సందేహపడువాని ప్రశ్న

అయితే సందేహించు ప్రతివాడును మూర్ఖుడని యెంచవద్దు. సామెతలు 14:15 ప్రతి మాటను నమ్మువానిని మెచ్చుకొనుట లేదు. అడుగు ఎక్కడ వేయుచున్నానని చూచువానిని మెచ్చుకొనుచున్నది. మందువలన ఎన్నడును హాని కలుగనేరదని చెప్పువాడు సత్యము పలుకుట లేదు. 1897 జనవరి 10వ తేదీని హాఫ్‌కిన్ అను శాస్త్రజ్ఞుడు తాను చేసిన ప్లేగు టీకాను బొంబాయిలో మొట్టమొదట తన ఒంటికే పొడిపించుకొనెను. లక్షలకొలది జనులకు ఆ టీకా పడెను. అయితే 1902లో పంజాబులోని ముల్కోవాల్ అను గ్రామమున ఒక సీసాలో ధనుర్వాతపు క్రిమి చేరి, ఆ సీసానుండి టీకా పడినవారిలో 19 మంది చనిపోయిరి. తప్పు హాఫ్‌కిన్‌దని అతనిని పనినుండి తొలగించిరి. సీసా మూత తీయునప్పటి అశుభ్రతయే కారణమని తేలి, 1907లో అతనిని నిర్దోషిగా నెంచిరి. అప్పటికి అతని జీవితములో మంచి యేండ్లు పోయినవి, ఆ గ్రామములో 19 ఇండ్లు ఏడ్చినవి. మన కాలములోను, 2021 జనవరి 16న మన దేశములో కోవిడు టీకాలు మొదలైన తరువాత, వాటిలో ఒక రకమువలన బహు అరుదుగా రక్తము గడ్డకట్టుట కలిగినదని వైద్యులే కనుగొని చెప్పిరి. చెప్పుట మంచిదాయెను. దాచినయెడల తరువాత ఎవరు నమ్ముదురు?

క్షయకు వేయు బి.సి.జి. టీకా చరిత్ర మనకు మరింత దగ్గరిది. 1948లో మన దేశమున ఆ టీకా మొదలైన స్థలములలో మదనపల్లె ఒకటి. అక్కడి ఆరోగ్యవరములో మిషనులన్నియు కూడి నడిపిన క్షయరోగుల ఆసుపత్రి యుండెను. అది దేశమంతట వ్యాపించుచుండగా 1955లో రాజాజీ దానిని గట్టిగా వ్యతిరేకించి ఒక పుస్తకమే వ్రాసెను. అప్పుడు ఆయనను చాదస్తుడనినవారుండిరి. తరువాత మద్రాసు దగ్గర చెంగల్పట్టు జిల్లాలో 1968 మొదలుకొని లక్షలమందిమీద పెద్ద పరీక్ష జరిపిరి. పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని 1979లో తేలినది. రాజాజీ వాదమంతయు సరియని దీనివలన తేలదు. పసిబిడ్డలకు మెదడు పొరలకు సోకు క్షయను, ఒడలంతట వ్యాపించు క్షయను అది తగ్గించును గనుక నేటికిని పుట్టిన బిడ్డకు వేయుచున్నారు. కలరా సూదిమందు సంగతియు ఇట్టిదే. జాతరలకు పోవువారికి, వరదలు వచ్చినచోట్ల జనులకు దానిని పొడిచెడివారు. చేయి వాచెడిది, జ్వరము వచ్చెడిది, రక్షణ మాత్రము అరకొరగా కొలది నెలలే. దానికంటె కాచిన నీరు మేలు చేసెను. నేడు ఆ సూది పోయినది. నోటిద్వారా ఇచ్చు మందు వచ్చినది.

కాబట్టి "టీకాలు మంచివా, చెడ్డవా?" అని ఒక్క మూటగా అడుగు ప్రశ్నకు జవాబు లేదు. ఈ రోగము ఎంతటిది, ఈ టీకా దీనిని ఎంతవరకు ఆపును, దీనివలన ఎవరు కాపాడబడుదురు, నేను మానినయెడల ఎవరు నష్టపడుదురు, అని ఒక్కొక్కదానిని అడుగవలెను. అడుగవలసినది తెలిసినవానిని. పాలకేంద్రము దగ్గర వినిన మాటను, ఫోనులో వచ్చిన మాటను మోషే మాటవలె పట్టుకొనువారు మనలో నున్నారు.

పశువుల విషయములో ఒక అధికమైన బాధ్యత కలదు. మనుష్యుడు కావలెనని గాని వద్దని గాని చెప్పగలడు. గొడ్డు చెప్పలేదు, పలుపు పట్టుకొనిన చేయియే దాని తరపున నిర్ణయించును. మన లంకలలో, కరకట్ట వెంబడి, మురుగుకాలువల ప్రక్క మేయు గేదెలకు వానకాలపు తొలకరిలో గొంతువాపు వచ్చును. గురక అనియు దీనిని పిలుతురు. సాయంకాలము బాగుగా నున్న గేదె మరునాటికి గొంతు వాచి, గురక పెట్టుచు, వైద్యుడు వచ్చులోపుగా చచ్చును. ఆవులకంటె గేదెలకు ఇది హెచ్చు. దీని టీకా వానలు పడకముందు వేయింపవలెను. గాలికుంటుకు ఆరునెలలకొకసారి. 2019 సెప్టెంబరులో మొదలైన కేంద్రప్రభుత్వ పథకము క్రింద గాలికుంటు టీకాయు, నాలుగు మొదలు ఎనిమిది నెలల పెయ్యదూడలకు ఈసుకుపోవు రోగమైన బ్రూసెల్లోసిస్ టీకాయు ఉచితముగా వేయుటకు ఏర్పాటు చేసిరి. ఈ రెండవది మనుష్యులకును అంటును. పచ్చిపాలవలన, ఈసుకుపోయిన దూడను వట్టిచేతులతో తీయుటవలన వచ్చి నెలలకొలది జ్వరము, కీళ్లనొప్పులు పెట్టును. గొర్రెలు మేకలు గలవారు పారుడు రోగమునకును చిటుకరోగమునకును, కోళ్లు గలవారు కొక్కెర రోగమునకును అడిగి వేయించుకొనవచ్చును. నాటుకోడికి సూది యేమిటని నవ్వకుడి. కొక్కెర తగిలిన వారములో గంపక్రింద ఒక్కటియు మిగులదు.

వచ్చినవానిని అడుగుటకు సిగ్గుపడవద్దు. మందు మంచుగడ్డల పెట్టెలో తెచ్చితివా, ఒక ఊరినుండి మరియొక ఊరికి ఎండలో తిరిగినదా, ఒక్కొక్క గొడ్డుకు సూది మార్చుచున్నావా? మందు చల్లదనము తప్పినయెడల వేసినట్లే యుండును గాని పనిచేయదు. రోగముతో నీరసించిన గొడ్డుకు వేయించవద్దు. మరియు సూది వేసిన దినముననే రక్షణ రాదు. రెండు మూడు వారములు పట్టును. నేను నా గొడ్లకు చొంగ కారినప్పుడు ఆసుపత్రికి పరుగెత్తి టీకా వేయుమంటిని. వడగండ్లు పడుచుండగా గొడ్లను తోలుకొని వచ్చినట్లాయెను. పిచ్చికుక్క కాటు ఒక్కటి దీనికి భిన్నమైనది. ఆ విషము నరములవెంట మెల్లగా మెదడునకు ప్రాకును గనుక, కరచిన తరువాతను తలుపు కొంతసేపు తెరచియే యుండును. గాయమును సబ్బుతో పారు నీళ్లలో పావుగంటసేపు కడిగి, పసరు గాని సున్నము గాని పెట్టక, ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులని భయపడువారు ఇంకను కలరు. గొర్రెమెదడుతో చేసిన ఆ పాతమందు మన దేశములో 2005 ప్రాంతముననే నిలిచిపోయినది. ఇప్పుడు చేతికే నాలుగైదుమారులు. గాయము లోతైనచో దానిచుట్టు మరియొక మందు.

లోకములోనుండి పూర్తిగా తుడిచివేయబడిన రోగములు ఇంతవరకు రెండే. ఒకటి మనుష్యులది, ఒకటి గొడ్లది. మశూచికము పోయినదని 1980లో ప్రకటించిరి. మన దేశములో దాని కడపటి కేసు 1975 మే నెలలోనిది. మన పెద్దల భుజములమీద రూపాయంత మచ్చలు దాని గురుతులు. రెండవది ముసర వ్యాధి, పశువుల పెద్దజాడ్యము. అది వచ్చిన యేట ఊరిలో దున్నుటకు ఎద్దు మిగిలెడిది కాదు. గొడ్లు పోగా మనుష్యులు ఆకలితో పోయెడివారు. 1920ల ప్రాంతమున ముక్తేశ్వర్‌లోని పరిశోధనాలయములో ఎడ్వర్డ్సు అను పశువైద్యుడు ఆ విషమును మేకలలో పెంచి బలము తగ్గించి టీకా చేసెను. 1954లో దేశమంతట ఆ పని సాగెను. ఊరూర, దొడ్డిదొడ్డికి నడచి గొడ్ల మెడపట్టి సూది వేసినవారి పేర్లు ఎవరికిని తెలియవు. 1995లో మన దేశమున కడపటి గొడ్డుకు వచ్చినది. 2011లో భూమిమీద ఎక్కడను లేదని ప్రకటించిరి. నేటి పిల్లలకు ఆ రోగము పేరే తెలియదు. అంత పెద్ద భయము పోయినందుకు మన కోతపండుగలలో ఒక్కసారియైనను కృతజ్ఞత చెల్లించితిమా అని నేను అప్పుడప్పుడు తలంచుకొందును.

ఇంత వ్రాసినను, టీకా వేయించుకొననివానిని కూటములో వేలుపెట్టి చూపుటకు ఈ పాఠమును వాడవద్దని వేడుకొనుచున్నాను. రోమా 14వ అధ్యాయమును నెమ్మదిగా చదువుడి. కొందరు నావలె లోభముచేత మానుదురు, వారిని గద్దింపవచ్చును. కొందరు భయముచేత మానుదురు. వారి బిడ్డకు మునుపు ఏదో అయినది, ఎవరును వారికి సమాధానము చెప్పలేదు. వారితో ఆసుపత్రివరకు నడచి, బెంచిమీద ప్రక్కన కూర్చుండుటయే పని. కొందరికి వైద్యుడే వద్దనును. వారే మన పిట్టగోడ ప్రక్క నిలిచినవారు.

ఆ సహోదరికి నేను మొన్న ఆదివారము జవాబు చెప్పితిని. ముందు దూడ సంగతిలో నా తప్పు ఒప్పుకొని, తరువాత హిజ్కియా సంగతి చెప్పితిని. ఆమె అంతయు విని, "అయితే గేదెకు ఇప్పుడు వేయించవచ్చా? నిండు చూలుతో ఉంది గదా" అని అడిగెను. ఇద్దరము పశువుల డాక్టరునొద్దకు పోయితిమి. నిండు చూలు గొడ్డును ఈ దఫా విడువవలెననియు, ఈనిన తరువాత వేయించవచ్చుననియు ఆయన చెప్పెను. ఆమె గేదె ఈనుటకు ఇంకను నెల దినములున్నది. పుట్టబోవు దూడకు నాలుగు నెలలు నిండువరకు టీకా లేదు. ఆ కుడితితొట్టి దగ్గర నీళ్లు త్రాగు గొడ్లు మా రెండిండ్లవి మాత్రమే కాదు, అయిదిండ్లవి. నావి నాలుగును మొన్న బుధవారము వేయించితిని. తక్కిన మూడిండ్లవారు ఈ పత్రిక చదువుదురు గనుక వచ్చు గృహకూటమునకు ముందుగా వారితో మాటలాడుటకు నేనును ఆమెయు శనివారము సాయంకాలము పాలు పితికిన తరువాత వారి యిండ్లకు వచ్చుచున్నాము.